మహారాజశ్రీ ఆరు గంటలు గారికి

మహారాజశ్రీ 'ఆఫ్ ద జాబ్ ట్రెయినింగ్' ఆరు గంటలు గారికి, అనగా ఉద్యోగం చేస్తూ చదివే అప్రెంటిస్‌కి కంపెనీ పని ఆపించి చదువుకోనివ్వాల్సిన వారపు సమయం గారికి, నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఎక్కడున్నారో తెలీదు గానీ క్షేమమేనని తలుస్తాను.

నిన్న గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి తమ కోసం క్యాంటీన్‌లో కాచుకుని కూర్చున్నాను. వెండింగ్ మెషిన్ పక్కన మూల బల్ల దగ్గర. ఇంగ్లాండులో లెస్టర్ దగ్గరున్న మా గోడౌన్ మొత్తంలో వైఫై సరిగ్గా తగిలేది అక్కడే. క్యాలెండర్‌లో తమ పేరు మీద ఒకటి నుంచి నాలుగు దాకా ఊదారంగు డబ్బా కూడా గీసి పెట్టాను. ల్యాప్‌టాప్ తెరిచాను. అసైన్‌మెంట్ పేరు 'టైమ్ మేనేజ్‌మెంట్'. నవ్వకండి.

ఒకటీ ఏడుకి మూడో కన్వేయర్ ఆగిపోయింది. టేప్ ఊడిన అట్టపెట్టె ఒకటి రోలర్ల మధ్య ఇరుక్కుంది, దాని వెనక ఓ నలభై పెట్టెలు క్యూ కట్టాయి. అది లాగి వచ్చేసరికి ఒకటిన్నర. ఏజెన్సీ వాళ్లు పంపుతామన్న ఇద్దరూ రాలేదని తెలిసింది. రెండుంబావుకి బ్రేక్ వంతు ఎవరిదని ఇద్దరు ప్యాకర్లు గొడవపడ్డారు. మూడుంబావుకి మళ్లీ కూర్చుని 'ఒక మంచి మేనేజర్ తన సమయాన్ని' అని రాశాను. మా మేనేజర్ టీ కప్పుతో వచ్చారు. "ఫ్రీగానే ఉన్నావు కదా, ఒక్క అయిదు నిమిషాలు."

ఫ్రీగానే ఉన్నావు కదా! అయ్యా ఆరు గంటలు గారూ, మిగతావన్నీ దిగమింగాను గానీ ఈ మాట మాత్రం గొంతు దిగడం లేదు. కన్వేయర్ ఆగితే అది యంత్రం, దానికి జ్ఞానం లేదు. ఈయన తమరికి జామీనుగా సంతకం పెట్టిన మనిషి. వారానికి ఆరు గంటలు, అదీ మామూలు పనివేళల్లోనే, రాత్రో ఆదివారమో చదివితే ఆ మేరకు వేరే రోజు సెలవో, అదనపు డబ్బో ఇవ్వాలి. ఇదంతా నేను చేరేనాటి రూల్సులో ఉంది, కింద ఆయన సంతకమూ ఉంది. ఆ అయిదు నిమిషాలు నాలుగింటి దాకా సాగాయి.

నాలుగింటికి నా చదువు మీద రివ్యూ. ట్రెయినింగ్ వాళ్ల కోచ్ స్క్రీన్ మీద, నేనూ మేనేజరూ ఇటు పక్క. గంటల దగ్గర ఎర్ర గుర్తు కనబడుతోందని కోచ్ నొచ్చుకుంది. ఏడాదిలో 52 వారాలు, అందులో సెలవులకి 5.6 తీసేస్తే 46.4, దాన్ని ఆరుతో హెచ్చిస్తే సుమారు 278 గంటలు. దశాంశం దాకా లెక్క కట్టిన మహానుభావులు, ఆ గంటల్లో ఫోన్ ఎవరెత్తాలో మాత్రం రాయలేదు. "మేం పూర్తిగా సపోర్ట్ చేస్తున్నాం" అన్నారు మేనేజర్, కళ్లార్పకుండా. నేను తలూపాను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి హుండీ కూడా లెక్కపెట్టుకుంటాడు. 2017 నుంచి ఇక్కడ పెద్ద కంపెనీలు అప్రెంటిస్‌ల చదువుకని జీతాల పద్దు మీద 0.5 శాతం లెవీ, అంటే పన్ను, కడుతున్నాయి, నన్ను చేర్చేనాటికి ఆ డబ్బు 24 నెలల్లో ఖర్చు కాకపోతే సర్కారుకి పోయేది. మురిగిపోయే డబ్బుకి ఓ మనిషి కావాలి, నేను దొరికాను.

పదోతరగతి, ఇంటర్ లెక్కల మార్కులు ఇక్కడి చదువుకి సమానమేనని కాగితం తెమ్మన్నారు. ఇంజనీరింగ్‌లో ఎం-త్రీ లెక్కల పేపరు గట్టెక్కిన మనిషిని! సరే, అదీ తెచ్చాను.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న కంగారుపడ్డాడు. ఐటీఐ చేసి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా ఉన్న మనిషి. "ఏంది బిడ్డా, టీమ్ లీడర్ అన్నవ్ గద, మళ్ల అప్రెంటిస్ ఏంది? డిమోషన్ ఇచ్చిన్రా?" అన్నాడు. కాదు నాన్నా, జీతం అదే, పని అదే, పైన చదువు అన్నాను. "మరి చదువు ఎప్పుడు జేస్తవ్?"

ఎప్పుడు చేస్తానో నీకు తెలుసు. అవును, నీకే! మర్యాద ఇక చాలు. రాత్రి పదకొండింటికి, పిల్లాడి లంచ్ డబ్బా కడిగి బోర్లించాక, వంటింటి బల్ల మీద చేస్తాను. అయ్యాక చదివిన గంటల లాగ్ తెరిచి, 'గురువారం, మధ్యాహ్నం 1 నుంచి 4' అని నా చేత్తోనే నింపుతాను. మేనేజర్ అబద్ధం నోటితో ఆడాడు, నేను రాతపూర్వకంగా ఆడాను, ఎర్ర గుర్తు పచ్చబడింది. నువ్వు మాత్రం అసలు రానే రాలేదు. ఎందుకున్నావు నువ్వు? ఎవరి మొహం చూసి పుట్టావు?

ఒక్కసారి వచ్చావు, కాదనను. ఫిబ్రవరిలో మంచు కురిసి లారీలు ఆగిపోయిన రోజు, రెండు గంటల పాటు. కష్టమైన మాట ఎలా మొదలుపెట్టాలో ఆ రోజు చదివాను. రోజూ పది నిమిషాలు ఆలస్యమయ్యే ప్యాకర్ ఒకతనికి అప్పటికే రెండు వార్నింగులు ఇచ్చి ఉన్నాను. మర్నాడు "ఎందుకు లేటు?" అనకుండా "ఏ బస్సుకి వస్తావు?" అన్నాను. మొదటి బస్సే ఆరూ పదికి దింపుతుందట, షిఫ్టు ఆరింటికి. ఆరుంబావుకి రమ్మన్నాను, అంతటితో సరి. రెండు గంటలకే అంత నేర్పావు కాబట్టే నీ మీద ఇంత మంట.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మా టీమ్‌లో ఓ కుర్రాడు లెవెల్ త్రీ అప్రెంటిస్‌గా చేరాడు. చేర్పించింది నేనే, సంతకం కూడా నాదే. ఈ పొద్దున వచ్చి మంగళవారం తన గంటలు తీసుకోవచ్చా అని అడిగాడు. మంగళవారం రెండు కంటెయినర్లు దిగాలి. ఆ వారం కుదరదు, పైవారం చూద్దాం అన్నాను. అతను నిలబడే ఉన్నాడు. బుధవారం రివ్యూ ఉందనీ, కోచ్ అడిగితే ఏం చెప్పాలనీ అడిగాడు.

పూర్తిగా సపోర్ట్ చేస్తున్నామని చెప్పమన్నాను.

ఇట్లు,
లెవెల్ ఫైవ్ అప్రెంటిస్