సవరణ: ప్రకాశం పంతులు గారి పోస్టులో మూడు విషయాలు

టంగుటూరి ప్రకాశం పంతులు గారి మీద మొన్న పెట్టిన పోస్టులో ఆయన ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి అని ఉంది. కాదు. ఆయన 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబర్ 1న, అప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది నీలం సంజీవరెడ్డి.

రెండోది, బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సైమన్ కమిషన్ అధ్యక్షుడు సైమన్‌కి ఎదురుగా గుండె చూపించారని ఆ పోస్టులో ఉన్న మాట. 1928 ఫిబ్రవరి 3న సైమన్ దిగింది బొంబాయిలో. పంతులు గారు చొక్కా తెరిచి కాల్చమన్నది మద్రాసులో, ఆ కమిషన్‌ని బహిష్కరించిన రోజున తుపాకులు పట్టుకుని అడ్డుగా నిలబడ్డ పోలీసుల ముందు. నన్నడిగితే సైమన్ ఎదుట నిలబడటం కంటే అదే ఎక్కువ ధైర్యం.

పోస్టులో అసలు లేనిది ఇంకోటి ఉంది, అది చెప్పకపోతే కథ సగమే. ఆయన 1937లోనే మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి. జమీందారీ విచారణ కమిటీకి అధ్యక్షుడిగా ఉండి, భూమి మీద హక్కు రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని నివేదిక ఇచ్చారు, జమీందార్లకి అది ఎంత కాలి ఉంటుందో ఊహించుకోండి! 1939లో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1946లో మద్రాసుకి ముఖ్యమంత్రి అయ్యారు, ఏడాది తిరక్కుండానే దిగిపోవాల్సి వచ్చింది. కర్నూలు ప్రభుత్వం కూడా అంతే, మద్యనిషేధం గొడవలో 1954 నవంబర్‌లో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా పెట్టండి.