గుడ్డు సంగతి తర్వాత, ముందు మీ నడుం ఎంతో చెప్పండి

పొద్దున్నే మా వైజాగ్ ఆర్కే బీచ్‌లో నడిచేవాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది, ఆ టైములో బళ్ళు రానివ్వరు కాబట్టి కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ దాటేదాకా రోడ్డంతా మనదే. కాసేపయ్యాక అదే జనం టిఫిన్ బండి దగ్గర. నిన్న ఒకాయన, ఒంటి మీద నేవీ మారథాన్ టీషర్టు, చేతిలో ప్లేటు పూరీ, దాని మీద రెండు మైసూర్ బజ్జీలు, పక్కన పంచదార దిట్టంగా వేయించుకున్న టీ, నములుతూ పక్కాయనతో అంటున్నాడు "కొలెస్ట్రాల్ వచ్చిందండీ, గుడ్డు మానేశాను" అని.

నవ్వొచ్చింది గానీ ఏడాది కిందట నేనూ అంతే.

నా రిపోర్టులో టోటల్ కొలెస్ట్రాల్ 188. పక్కనే నార్మల్ అని ఉంది. ఇంట్లో అందరికీ చూపించి ఆ రాత్రి బిర్యానీ కూడా తెప్పించాను. కింద లైన్లు ఎవడు చూశాడు? ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 286, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 33. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 98, అదీ నార్మలే. బీపీ 134/88, పరగడుపు షుగర్ 108. డాక్టరుగారు టేపు తీసి బొడ్డు దగ్గర కొలిస్తే 40 అంగుళాలు, నేనేమో "సార్, నా ప్యాంటు సైజు 36" అని వాదించాను. ప్యాంటు బొజ్జ కింద కట్టుకుంటే 36 కాక ఏమవుతుంది, మా పూర్ణామార్కెట్ టైలర్‌కి ఈ విషయం పదేళ్ళ నుంచీ తెలుసంట, మొహమాటానికి చెప్పలేదంట.

లెక్క ఏంటంటే, మన దగ్గర మగాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు (అంటే దాదాపు 35న్నర అంగుళాలు), ఆడాళ్ళకి 80 దాటడం, ట్రైగ్లిజరైడ్లు 150 కానీ ఆపైన కానీ ఉండడం, హెచ్‌డీఎల్ మగాళ్ళకి 40, ఆడాళ్ళకి 50 కంటే తక్కువ, బీపీ 130/85కి చేరడం, పరగడుపు షుగర్ 100కి చేరడం. ఈ ఐదిట్లో మూడుంటే మెటబాలిక్ సిండ్రోమ్, అంటే గుండెజబ్బు, షుగరు ముప్పు పెంచే గుంపు. నాకు ఐదూ ఉన్నాయి. ఫస్టు క్లాసు అన్నమాట.

ఇక్కడే నా కోపం. మనకి కొలెస్ట్రాల్ అనగానే గుడ్డు, నూనె, చేప గుర్తొస్తాయి, మూడు పూటలా తినే అన్నం, ఇడ్లీ, ఉప్మా, రోజుకి ఐదు టీలు గుర్తురావు. ఒక్కో టీలో రెండు చెంచాలేసుకుంటే టీల మీదే 40 గ్రాముల పైన పంచదార, డబ్ల్యూహెచ్‌ఓ 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటోంది, నేను మధ్యాహ్నానికే దాటేసేవాణ్ణి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంట్లో ఇలా మిగిలిపోయిన పిండిని, పంచదారని లివరు కొవ్వుగా మార్చి రక్తంలోకి తోస్తుంది, అదే ట్రైగ్లిజరైడ్లు, అవి పెరిగితే హెచ్‌డీఎల్ పడిపోతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై చిక్కబడతాయి, రిపోర్టులో అంకె చూస్తే అది తెలియదు. అందుకే పైకి నార్మల్‌గా కనిపించే 98 నన్ను మోసం చేసింది. గుడ్డంటారా, 2015లో అమెరికా వాళ్ళే రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ దాటొద్దనే అంకె తీసేశారు.

అలాగని రెండో పార్టీ మాటా వినకండి. మా ఆఫీసులో ఒకడు అన్నం మానేసి నెయ్యి, వెన్న, కొబ్బరినూనె గ్లాసుల్లో తాగాడు, బరువు తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు కూడా తగ్గాయి, ఎల్‌డీఎల్ మాత్రం 190 దాటి కూర్చుంది. ఆ రకం కొవ్వు ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది గురూ, వాట్సాప్‌లో ఎవరేం చెప్పినా సరే.

నేను చేసింది పెద్దదేం కాదు. అన్నం సగానికి తగ్గించి ఆ చోట్లో కూర, పప్పు, ఉలవలు పెట్టాను, పొద్దున్న మా అమ్మ చేతి చోడి (రాగి) అంబలి, అదీ బెల్లం లేకుండా (అనకాపల్లి చుట్టాలు ఇంకా క్షమించలేదు). చేప మానలేదు, వేపుడు మానేసి కానాగంతల పులుసుకి మారాను. నడక రోజూ 40 నిమిషాలు, పక్కనోడితో మాట్లాడగలను గానీ పాట పాడలేనంత స్పీడులో. నడిస్తే కండరాల్లో ఒక ఎంజైము పుంజుకుని రక్తంలో కొవ్వుని లాక్కుంటుందంట, ఆ ఎఫెక్టు రెండ్రోజులకి మించి నిలవదంట. కాబట్టి ఆదివారం కైలాసగిరి మెట్లెక్కి సెల్ఫీ పెట్టి మిగతా ఆరు రోజులు కుర్చీలో కూలబడేవాళ్ళు ఆలోచించుకోండి. ఇంకోటి, నడక ఒక్కదానితో ఎల్‌డీఎల్ పెద్దగా కదలదు.

ఐదు నెలలకి 84 కిలోల నుంచి 78కి వచ్చాను. ట్రైగ్లిజరైడ్లు 162, హెచ్‌డీఎల్ 38. ఎల్‌డీఎల్ చూస్తే 111! గుండె గుభేల్‌మంది, ఇన్నాళ్ళు కడుపు మాడ్చుకుంటే పెరగడమేంటి అని. డాక్టరుగారు కాగితం మీద లెక్క వేసి చూపించారు, మన రిపోర్టుల్లో చాలావాటిల్లో ఎల్‌డీఎల్ నేరుగా కొలవరంట, టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునీ తీసేస్తారంట, ట్రైగ్లిజరైడ్లు దిగితే ఆ అంకె పైకి లేవచ్చు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి చూడమన్నారు. అప్పుడు 155, ఇప్పుడు 143, అంటే తగ్గిందే. మా నాన్నకి గుండెపోటు వచ్చింది కాబట్టి కొలెస్ట్రాల్ టాబ్లెట్ వేయాలా వద్దా అన్నది మూడు నెలల తర్వాత టెస్టు చూసి చెప్తానన్నారు, వేయమంటే వేసుకుంటా, నాకేం పంతం లేదు. ఇప్పటికే వేసుకుంటున్నవాళ్ళు నా పోస్టు చదివి ఆపేయకండి మహాప్రభో.

నడుం ఇప్పుడు 37న్నర. ఇంకో రెండంగుళాలు దిగాలి. ఆఫీసు కింద టీ కుర్రాడు మాత్రం ఇప్పటికీ గ్లాసు ఇచ్చేముందు చెంచా గాల్లో ఆపి "నిజంగా వద్దా సార్, కొంచెం కూడా?" అని అడుగుతాడు.