మీసం పోయిన రోజు

ఆయన: ఏమే, మళ్లీ మొలవడానికి ఎన్నాళ్లు పడుతుందంటావ్?

ఆమె: పొద్దున్నుంచి ఇది పదోసారి అడగడం. ఇరవై ఏళ్ల మీసం రెండు నిమిషాల్లో గీకేసుకున్నారు, నేను వద్దన్నానా లేదా?

ఆయన: అన్నావ్. నువ్వు వద్దనకపోయుంటే సగంలో ఆగిపోయేవాణ్ణి!

ఆమె: అదీ నా నెత్తి మీదకేనా! ముందా అద్దం వదలండి. ఇందాక ఫోన్లో మాట్లాడుతూ లేని మీసం మెలేస్తున్నారు, చూశాలెండి, వేళ్లు అక్కడిదాకా వెళ్లి ఏం చెయ్యాలో తెలీక ముక్కు గోక్కుని దిగాయి.

ఆయన: నవ్వకు. అసలు పశ్చాత్తాపం అంటే ఏంటో తెలుసా నీకు? పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట.

ఆమె: గీసుకున్నాక మంటేగా, లోషన్ అక్కడే ఉంది, రాసుకోండి.

ఆయన: నీకు చెప్పాను చూడు... సైకాలజీ వాళ్లు ఏమంటారంటే, చేసిన పని గురించి బాధ అప్పటికప్పుడు బాగా మండినా మెల్లగా చల్లారుతుందట, చెయ్యకుండా వదిలేసిందే చాలామందిని ఏళ్లకేళ్లు పీకుతుందట.

ఆమె: ...అది మాత్రం నిజం. కాలేజీలో పాట పాడమని మైకులో మూడుసార్లు నా పేరు పిలిచారు, లేవలేదు నేను, చేతిలో పాట రాసుకున్న కాగితం చెమటకి తడిసి ఇంకు అంతా అరచేతికి అంటుకుంది. ఇప్పటికీ గిన్నెలు తోముతుంటే ఆ మైకు వినపడుద్ది.

ఆయన: నాకెప్పుడూ చెప్పలేదే! ఇప్పుడు పాడు.

ఆమె: ఆ మూతి చూస్తూ పాటెక్కడొస్తుందండీ, నవ్వొస్తుంది.

ఆయన: సర్లే. ఇది విను, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోల్లో మొహాలు పరిశీలిస్తే, వెండి పతకం వాళ్లకంటే కంచు వాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారంట. వెండి వాడేమో అయ్యో బంగారం కొంచెంలో పోయిందే అని, కంచు వాడేమో హమ్మయ్య ఇదైనా దక్కింది అని.

ఆమె: ఓహో.

ఆయన: అవునూ, నన్ను చేసుకున్నందుకు నీకెప్పుడైనా అయ్యో అనిపించిందా? నిజం చెప్పు.

ఆమె: మీరు నాకు కంచు పతకం అండీ.

ఆయన: కంచా!

ఆమె: కంచు వాళ్లే సంతోషంగా ఉంటారని ఇప్పుడేగా చెప్పారు! జరగండి, గిన్నెలున్నాయి.

ఆయన: ఆగాగు, మరి వెండి ఎవరే? ఏమే, నిన్నే!

(లోపల గిన్నెల చప్పుడు, దాంతోపాటు సన్నగా ఏదో కూనిరాగం. ఈయన చెయ్యి మళ్లీ మూతి దగ్గరకి వెళ్లింది.)