క్యామ్‌కార్డర్‌ని అప్పుడే పారేయకండి

ఇంట్లో పాత హెచ్‌డీ క్యామ్‌కార్డర్ (వీడియోలు తీసే చేతి కెమెరా) ఉంటే అమ్మేయండి, ఫోనే చాలు అని ఒక వ్యాసంలో చదివాను. పుట్టినరోజు కేకు కోయడం తీయడానికి చాలు, కాదనను. కానీ మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫోన్‌తో తీసి చూడండి! మూడు లాంతర్ల దగ్గర మేడెక్కి జూమ్ చేస్తే, సిరిమాను అనే పొడవాటి మాను చివర పైన కూర్చున్న పూజారిగారి ముఖం అలికేసినట్టు ఉంటుంది. చాలా ఫోన్లలో దూరం జూమ్ అంటే బొమ్మను సాగదీయడమే. క్యామ్‌కార్డర్‌లో లెన్సే జరుగుతుంది కాబట్టి జనం విసిరే అరటిపళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. చెయ్యి వణక్కుండా పిట్టగోడకి ఆనించుకోవాలి, అంతే.

అసలు తలనొప్పి పంచుకోవడంలో ఉంది. ఏవీసీహెచ్‌డీలో (ఇలాంటి క్యామ్‌కార్డర్లు వీడియోని దాచుకునే ఫార్మాట్) తీస్తే గంటకి ఏడెనిమిది జీబీ సులువుగా అవుతుంది. మా అక్కయ్య మాత్రం "వాట్సాప్‌లో పెట్టేయరా" అంటుంది. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోని పిండేసి, నాణ్యత తగ్గించి పంపుతుంది. చిన్న ముక్కలు కోసి డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. మొత్తం వీడియో అయితే యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లే చూసేలా) పెట్టి లింక్ ఇవ్వడం మేలు.

ఇంకోటి, 1080ఐలో (ఒక్కో బొమ్మని సరి, బేసి గీతలుగా విడదీసి తీసే పద్ధతి) తీసినవి కంప్యూటర్‌లో చూస్తే కదిలే చోట దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. కెమెరా పాడైందని కంగారు పడకండి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్లేస్ (ఆ గీతల్ని కలిపి సరిచేసే ఆప్షన్) పెట్టి ఎంపీ4గా మార్చుకుంటే పోతాయి.