ఫార్వర్డ్ మెసేజ్ గారికో ఉత్తరం

మహారాజశ్రీ ఫార్వర్డ్ మెసేజ్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీరు అడుగుపెట్టిన ఇంట్లో కుశలం ఎక్కడిదండీ! 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా అన్నారు. కోళ్ల రైతులు మునిగిపోయారు, ఆఖరికి హైదరాబాద్‌లో మంత్రులు స్టేజీ ఎక్కి చికెన్ తిని చూపించాల్సొచ్చింది. ఆ తర్వాత పది సెకన్లు ఊపిరి బిగబడితే చాలు, దగ్గు రాకపోతే జబ్బు లేనట్టే అన్నారు. మా నాన్న పేపర్ చదువుతూ బిగబట్టేవారు, స్నానానికి వెళ్తూ బిగబట్టేవారు, ఎనిమిదో సెకనుకే దగ్గొస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. ముప్పై ఏళ్లు సిగరెట్లు కాల్చిన మనిషికి దగ్గు రాక ఏమొస్తుంది? అది పరీక్షే కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, నిజమే, కానీ దానికి మీ అంత గొంతు ఎక్కడిది?

2020 ఏప్రిల్‌లో వాట్సాప్ వాళ్లు, చాలాసార్లు చేతులు మారి నెత్తిన రెండు బాణాలు మొలిచిన మిమ్మల్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపాలని రూల్ పెట్టారు. మా బాబాయ్ ఓపిగ్గా ఒక్కొక్కరికీ పంపాడు. లాక్‌డౌన్ కదా, వేరే పనేముంది!

మా బంధువుల వాట్సాప్ గ్రూపుని మ్యూట్ చేసుకోవచ్చుగా అంటారేమో. ఏ పెద్దనాన్నకి బెడ్ దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది కూడా ఆ గ్రూపులోనే కదండీ వచ్చేది. ఆ కబురు కోసం తెరిస్తే ముందు మీరు ఎదురయ్యేవారు.

2021 మేలో ఒక రాత్రి అమ్మ అంట్లు తోమి వచ్చి ఆక్సీమీటర్‌లో వేలు పెడితే ఆక్సిజన్ 88కి పడిపోయినట్టు చూపించింది. టీవీలో ఆక్సిజన్ లేక జనం పోతున్నారని స్క్రోలింగ్, ఫోన్‌లో ఆక్సిజన్ పెరగాలంటే కర్పూరం, వాము, లవంగాలు మూటగట్టి వాసన చూడమని మీరు. నా చేతులు వణికి మూట కూడా కట్టలేకపోయాను. మా ఊరి నర్సమ్మ, ఏఎన్‌ఎమ్ గారికి ఫోన్ చేస్తే, "చేతులు చల్లగా ఉన్నాయేమో చూడండి, తుడిచి, రుద్ది, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి మళ్ళీ పెట్టండి" అన్నారు.

97.

ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టు గ్రూపులో టైప్ చేశాను. నీలం టిక్కులైతే పడ్డాయి, ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. బాబాయ్ మాత్రం సరిగ్గా దాని కిందే మీ కర్పూరం మూటని మళ్ళీ పెట్టాడు.

ఇట్లు,
మీ రెండు బాణాలూ దిగిన అభాగ్యుడు