ఆ గుడ్డు బొమ్మ విశ్వం ఫొటో కాదు

నీలం, నారింజ రంగు మచ్చలతో కోలగా ఉండే బొమ్మ ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. దాని కింద రాసింది క్లుప్తంగా ఇదీ: "ఇది ఉపగ్రహం తీసిన విశ్వం ఫొటో. విశ్వం గుడ్డు ఆకారంలో ఉందని సైన్స్ తేల్చేసింది. మన పెద్దలు బ్రహ్మాండం అని ఊరికే అనలేదు. ఒక బిందువు పేలి పుట్టింది కాబట్టి విశ్వానికి ఒక కేంద్రం ఉంది, ఒక అంచు ఉంది. వయసు 1380 కోట్ల ఏళ్లు కాబట్టి ఆ అంచు 1380 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రాత్రి ఆకాశం చీకటిగా ఉండటమే విశ్వం అనంతం కాదనడానికి రుజువు." దీన్ని నమ్మనివాళ్లు ఇచ్చే జవాబు మరోటి ఉంది: "విశ్వం చదునుగా ఉందని నాసా తేల్చింది, చదునైతే అంతులేనట్టే, కథ ముగిసింది."

మొదటిది తప్పుల తడక. రెండోది సగం నిజం, అందుకే దాన్ని విప్పి చూపడం ఇంకా కష్టం. సైన్స్ చదువుకున్నవాళ్లు కూడా ఈ రెండిట్లో ఏదో ఒకటి నమ్మి పదిమందికి పంపుతున్నారు కాబట్టి ఒక్కో మాటా తీసుకుని చెప్పాలనిపించింది.

బొమ్మతోనే మొదలుపెడదాం. అది ఫొటో కాదు, పటం. యూరోపియన్ అంతరిక్ష సంస్థ 2009లో పంపిన ప్లాంక్ ఉపగ్రహం అన్ని దిక్కుల నుంచీ వచ్చే మైక్రోవేవ్ కాంతిని కొలిచింది. ఆ కొలతలతో గీసిన పటం 2013లో విడుదలైంది. అంతకుముందు నాసా వాళ్ల డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం కొలతలతో గీసిన పటమూ ఇదే తీరు. ఉపగ్రహం విశ్వం బయటికి వెళ్లి వెనక్కి తిరిగి చూసిందేమీ లేదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి, లోపలి నుంచే చుట్టూ చూసింది. మన చుట్టూ కమ్ముకుని ఉన్న ఆకాశాన్ని కాగితం మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట కోయాలి, మరెక్కడో సాగదీయాలి. జర్మన్ గణితవేత్త కార్ల్ మోల్వైడె 1805లో చూపించిన పద్ధతిలో పరిస్తే పటం కోలగా, ఎత్తుకు సరిగ్గా రెట్టింపు వెడల్పుతో వస్తుంది. అట్లాసుల్లో ప్రపంచ పటాన్ని కూడా ఈ పద్ధతిలో గీస్తుంటారు. అది చూసి భూమి గుడ్డులా ఉందని ఎవరూ అనరు కదా.

ఇంకాస్త దగ్గరగా చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. పటం నడిమధ్యన ఉన్నది ధనూరాశి వైపు, అంటే మన పాలపుంత కేంద్రం ఉన్న దిక్కు. దానికి సరిగ్గా ఎదురు దిక్కు వృషభరాశిలో ఎద్దు కొమ్ము కొసన మెరిసే నక్షత్రానికి కాస్త పక్కన ఉంటుంది. పటంలో ఎడమ కొసన ఉన్నదీ అదే, కుడి కొసన ఉన్నదీ అదే. ఎడమ అంచులో తెగిపోయిన మచ్చ మిగతా సగం కుడి అంచులో ఉంటుంది. గుడ్డు పెంకు అనుకుంటున్న ఆ గీత ఆకాశంలో ఎక్కడా లేదు, పటం గీసినవాళ్లు కోసిన చోటు అది. రంగులూ అంతే. ఆ కాంతి కంటికి కనబడేది కాదు. దాని ఉష్ణోగ్రత ఏ వైపు చూసినా దాదాపు 2.7 కెల్విన్. లక్షలో ఒక వంతు స్థాయిలో ఉన్న తేడాలు మన కంటికి ఆనాలని నీలం, నారింజ పూశారు.

పెద్దల మాట గురించి ఒక్క ముక్క. తిరుమల వెంకన్నను మనం అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడని పిలుస్తాం. ఒకటి కాదు, కోట్ల బ్రహ్మాండాలు. ఒకే ఒక్క గుడ్డుకు ఫొటో తీశామనే ఈ సందేశం ఆ ఊహ ముందే చిన్నబోతుంది. ఆ ఊహకు దాని గొప్పదనం దానికుంది. ఉపగ్రహం పటాన్ని తప్పుగా చదివి దానికి సర్టిఫికెట్ తేవాలనుకోవడం పెద్దలకు గౌరవం కాదు, సైన్స్‌కూ కాదు.

ఇక "ఒక బిందువు పేలింది కాబట్టి కేంద్రం ఉంది" అనే మాట. ఇది ఈ సందేశం ఒక్కదాని తప్పు కాదు. మహావిస్ఫోటం అనగానే టీవీలో చీకట్లో ఒక చుక్క భళ్లుమని పగలడం చూపిస్తారు, అక్కడే మన బుర్రలో అది నాటుకుపోతుంది. నిజంగా ఒకచోట ఏదో పేలి ఉంటే ఆ వెలుగు ఎప్పుడో మనల్ని దాటి వెళ్లిపోయేది, లేదా ఒకే వైపు నుంచి వచ్చేది. 1965లో అర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ న్యూజెర్సీలో తమ యాంటెన్నాకు పట్టిన సన్నని రొద గురించి ప్రకటించినప్పుడు అందరినీ ఆశ్చర్యపరిచింది ఇదే: యాంటెన్నాను ఎటు తిప్పినా అదే రొద, అంతే మోతాదు. ఆ రొద పటంలోని మైక్రోవేవ్ కాంతే, విశ్వం తొలినాళ్ల వేడికి మిగిలిన గుర్తు. ఆ ఆది వేడి అన్ని చోట్లా ఉండేది, మీరు కూర్చున్న ఈ చోటుతో సహా. అప్పటి నుంచి సాగుతున్నది స్థలమే. ఏ గెలాక్సీ మీద నిలబడి చూసినా దూరపు గెలాక్సీలన్నీ తన నుంచే దూరమవుతున్నట్టు కనిపిస్తాయి. అలాంటప్పుడు కేంద్రం ఇదీ అని ఏ చోటును చూపిస్తాం? ఒకప్పుడు చాలా చిన్నదిగా ఉన్నది ఇవాళ మనకు కనబడే భాగం మాత్రమే. మొత్తం విశ్వం అనంతమైతే, ఆ తొలి క్షణాల్లో కూడా అది అనంతమే.

అంచు దూరం లెక్కలో ఒక అందమైన సంగతి దాగి ఉంది. ఆ పటంలో కనిపించే కాంతి విశ్వానికి 3 లక్షల 80 వేల ఏళ్ల వయసప్పుడు వేడి వాయువు నుంచి బయలుదేరింది. అప్పుడు ఆ వాయువు మనం ఉన్న చోటికి సుమారు 4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. నాలుగు కోట్ల ఏళ్లలో చేరాల్సిన కాంతికి 1380 కోట్ల ఏళ్లు పట్టింది, ఎందుకంటే అది నడుస్తున్న దారే సాగుతూ పోయింది. ఆ వాయువు ఉన్న చోటు ఇప్పుడు మనకు సుమారు 4,500 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాబట్టి 1380 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర ఏ గోడా లేదు. 4,500 కోట్ల దగ్గర ఉన్నది కూడా గోడ కాదు, అది మన చూపుకు హద్దు. అక్కడి నుంచి ఎవరైనా ఇటు చూస్తే మనం వాళ్ల హద్దు మీద ఉంటాం.

చీకటి రాత్రి వాదం పాతది. జర్మన్ వైద్యుడు, ఖగోళ పరిశీలకుడు హైన్రిక్ ఓల్బర్స్ 1823లో దాన్ని గట్టిగా అడిగాడు: నక్షత్రాలు అంతులేకుండా ఉంటే ఏ దిక్కున చూసినా చూపు ఒక నక్షత్రానికి తగలాలి, రాత్రి కూడా ఆకాశం వెలిగిపోవాలి కదా అని. జవాబు విశ్వం వయసులో ఉంది, పరిమాణంలో కాదు. స్థలం అనంతమైనా వయసు పరిమితమైతే దూరపు కాంతి ఇంకా మన దాకా రాదు. పైగా ఆకాశం నిజంగా చీకటి కాదు. ప్రతి చూపూ చివరికి ఆ 3,000 డిగ్రీల ఆది వాయువుకే తగులుతోంది. విశ్వం సాగడం వల్ల ఆ వెలుగు 1,100 రెట్లు సాగి మైక్రోవేవ్‌గా మారిపోయింది, మన కంటికి ఆనదు, అంతే.

ఇప్పుడు రెండో మాటకు వద్దాం: చదును, కాబట్టి అనంతం. ఇందులో మొదటి సగం గొప్ప ప్రయోగ ఫలితం, దాన్ని తక్కువ చేయకూడదు. చదును అంటే విశ్వం చాపలా పరుచుకుందని కాదు. ఎంత పెద్ద త్రిభుజం గీసినా మూడు కోణాలూ కలిపి 180 డిగ్రీలే రావడం. స్థలానికి ఒక రకం వంపు ఉంటే 180 దాటుతుంది, మరో రకం వంపు ఉంటే తగ్గుతుంది. విశ్వమంత త్రిభుజం గీసేదెలా? దానికి కొలబద్ద ప్రకృతే ఇచ్చింది. ఆ ఆది వాయువులో శబ్ద తరంగాలు 3 లక్షల 80 వేల ఏళ్లలో ఎంత దూరం పోగలవో భౌతికశాస్త్రం లెక్కగట్టి చెబుతుంది. ఆ దూరమే పటంలో ఆ మచ్చల పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. త్రిభుజానికి అడుగు భుజం అదీ. మన దాకా వచ్చిన కాంతి కిరణాలు మిగతా రెండు భుజాలు. స్థలం చదునైతే మచ్చల వెడల్పు ఎక్కువగా 1 డిగ్రీ దరిదాపుల్లో, అంటే పున్నమి చంద్రుడికి సుమారు రెట్టింపు కనిపించాలి. వంపు ఒకవైపు ఉంటే ఇంకా పెద్దగా, మరోవైపు ఉంటే చిన్నగా కనిపించాలి. 1998 డిసెంబరు చివర్లో అంటార్కిటికా నుంచి బూమరాంగ్ అనే బెలూన్ ఎగిరింది. దక్షిణ ధ్రువం చుట్టూ తిరిగే గాలుల్లో చుట్టు చుట్టి, పది రోజులకు బయలుదేరిన చోటికే దగ్గరగా దిగింది. 2000 ఏప్రిల్‌లో దాని ఫలితం వచ్చింది: 1 డిగ్రీయే. నాకు తెలిసినంతలో మనిషి గీసిన అతి పెద్ద త్రిభుజం అదే.

2019లో ముగ్గురు శాస్త్రవేత్తలు ప్లాంక్ కొలతలను వాటికవే తీసుకుంటే స్థలం కాస్త ముడుచుకున్నట్టు, అంటే గోళం తరహాలో మూసుకున్నట్టు కనిపిస్తోందని రాశారు. "నేరుగా పోతే తిరిగి ఇక్కడికే వస్తాం" అనే కబుర్లు చాలామటుకు ఆ వ్యాసం పుణ్యమే. కానీ గెలాక్సీల మధ్య దూరాల కొలతలను జత చేస్తే ఆ వంపు మాయమవుతుంది. వంపు విలువ 0.0007, అటూ ఇటూ 0.0019 తేడాతో. సున్నాతో చక్కగా సరిపోయే అంకె. ఒకవేళ స్థలం గోళం తరహాలోనే వంగి ఉన్నా, ఈ కొలతల ప్రకారం దాని వంపు వ్యాసార్థం 20,000 కోట్ల కాంతి సంవత్సరాలకు తగ్గదు.

రెండో సగంలో వస్తుంది చిక్కు. డబ్ల్యూమ్యాప్ బృందం తమ ఫలితాన్ని జనానికి వివరిస్తూ, చదును కాబట్టి విశ్వం అనంతం అనిపిస్తోందని చెప్పింది. ఆ వెంటనే, మనం కచ్చితంగా అనగలిగింది విశ్వం మనకు కనబడే భాగం కంటే చాలా పెద్దదని మాత్రమే అనీ చెప్పింది. ఫార్వర్డ్ చేసేవాళ్లు మొదటి ముక్క ఉంచి రెండోది కోసేశారు.

చదునుగా ఉంటూనే పరిమితంగా ఉండటం సాధ్యమే. పాత నోకియా 3310లో పాము ఆట ఆడినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కుడి అంచు దాటిన పాము ఎడమ అంచు నుంచి వస్తుంది, పైన దూరితే కింద తేలుతుంది. ఆ తెర ఎక్కడా వంగలేదు, దాని మీద త్రిభుజం గీస్తే 180 డిగ్రీలే. అయినా పాముకు అంచూ తగలదు, అనంతమైన చోటూ లేదు. మూడు దిక్కుల్లోనూ ఇలా అతుక్కున్న స్థలానికి గణితం పేరు త్రి-టోరస్. చదునుగా ఉంటూ, ఎక్కడా అంచు లేకుండా పరిమితంగా ఉండే త్రిమితీయ స్థలాలు మొత్తం 10 రకాలని గణితవేత్తలు ఏనాడో లెక్కతేల్చారు. వంపు కొలత ఇందులో ఏది నిజమో చెప్పలేదు. ఎందుకంటే వంపు అనేది అక్కడికక్కడ కొలిచేది, అతుకు మొత్తానికి సంబంధించినది.

దాన్ని పట్టుకునే దారి లేకపోలేదు. విశ్వం మన చూపు మేర కంటే చిన్నదైతే ఒకే ప్రాంతం రెండు వేర్వేరు దిక్కుల్లో కనిపించాలి. అప్పుడు ఆ మైక్రోవేవ్ పటంలో ఒకే రకం వేడి-చల్లని వరసతో జంట వలయాలు దొరకాలి. 1998లో నీల్ కార్నిష్, డేవిడ్ స్పెర్గెల్, గ్లెన్ స్టార్క్‌మన్ ఈ ఉపాయం చెప్పారు. 2003లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్-పియర్ లూమినే బృందం విశ్వం పన్నెండు పంచభుజ ముఖాల అతుకుతో మూసుకుని ఉండొచ్చని ప్రతిపాదించినప్పుడు ఈ వెతుకులాట ఊపందుకుంది. 2004లో డబ్ల్యూమ్యాప్ పటంలో వెతికారు, తర్వాత ప్లాంక్ పటంలోనూ వెతికారు. పెద్ద జంట వలయాలు దొరకలేదు. అంటే చిన్న విశ్వాలు చాలామటుకు పక్కకు పోయాయి. కానీ అతుకు కాస్త మెలితిరిగిన రకాలను పాత వెతుకులాటలు పూర్తిగా కొట్టిపారేయలేదని 2024లో కాంపాక్ట్ అనే పరిశోధన బృందం చూపించింది. ఆ పని ఇంకా సాగుతోంది.

కొలతలు ఎంత మెరుగుపడినా ఒక తేడా మాత్రం పోదు. జంట వలయాలు దొరికిన రోజున విశ్వం కనీసం ఒక దిక్కులోనైనా పరిమితమని రుజువైనట్టే. దొరకకపోతే అనంతమని రుజువు కాదు, మన చూపు మేర కంటే పెద్దదని మాత్రమే. వంపు కొలతదీ అదే పరిస్థితి. స్థలంలో సహజంగా ఉండే హెచ్చుతగ్గుల వల్ల, దాదాపు పది వేలలో ఒక వంతు కంటే చిన్న వంపు ఉంటే అది మొత్తం విశ్వానిదా, మనం ఉన్న చోటిదా అని విడదీయడం కుదరదు. అందుచేత అనంతమని కొలతలతో తేల్చేశారని ఎవరు రాసినా, ఏ సంస్థ పేరు పెట్టి రాసినా, ఆ వాక్యం తప్పు.