ఎలుకను తవ్వితే కొండ

మేనకోడలి ఆన్‌లైన్ ప్రసంగాన్ని ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసిన ఒక మేనమామను ఊహించుకోండి. నిడివి 40 నిమిషాలు, బరువు దాదాపు 800 మెగాబైట్లు, ఫైలు పేరు చివర ఎంకేవీ అనే తోక (ఎక్స్‌టెన్షన్). పెన్‌డ్రైవ్‌లో వేసి పాత టీవీకి గుచ్చాడు. ఇంటిల్లిపాదీ సర్దుకుని కూర్చున్నాక టీవీ అంది: ఈ ఫార్మాట్ నాకు పడదు.

మొదటి వైద్యం అందరూ చేసేదే. పేరు మార్చడం. విండోస్ మామూలుగా ఫైళ్ల తోకల్ని దాచేస్తుంది కదా, ఆయన ఎంపీ4 అని చేర్చింది చేర్చినట్టే ముందు నిలబడి, వెనక ఎంకేవీ అలాగే వేలాడింది. ఒక ఫైలు, రెండు తోకలు. తోకల్ని బయటికి రప్పించి సరిగ్గా మార్చినా ఒరిగిందేమీ లేదు. ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. లోపలి కట్టుబడి ఎంకేవీదే, టీవీకి ఆ వాసన తెలిసిపోయింది.

ఇక వీడియోల ఫార్మాట్ మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ దించాడు. అందులో క్వాలిటీ పట్టీ మీద ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె) 22 అని కనిపించింది. అంకె తగ్గిస్తే ఫైలూ తగ్గుతుందని ఎవరికైనా అనిపిస్తుంది, పాపం. నడిచేది తలకిందులు. అంకె ఓ ఆరు మెట్లు దిగితే ఫైలు సుమారు రెట్టింపవుతుంది. 1080పి వీడియోకి 20 నుంచి 24 మధ్య ఉంచితే చాలు. ఆయన ఏకంగా సున్నాకి లాగాడు. హ్యాండ్‌బ్రేక్ లోపల వీడియోను కుదించే ఎక్స్264లో సున్నా అంటే చుక్క కూడా పోకుండా దాచిపెట్టడం. ల్యాప్‌టాప్ ఫ్యాను రాత్రంతా శంఖం పూరించింది. తెల్లారేసరికి 800 మెగాబైట్ల ఫైలు 19 జీబీ అయి కూర్చుంది. రికార్డింగులో లేని అందం కొత్తగా ఎక్కడినుంచీ రాదు, బరువు మాత్రం వస్తుంది.

32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగానే ఉంది, అయినా ‘ఫైలు మరీ పెద్దది’ అని మొండికేసింది. అది ఫ్యాట్32 అనే పాత ఫైళ్ల అమరిక పద్ధతిలో ఉంది మరి, 4 జీబీ దాటిన ఒక్క ఫైలునీ లోపలికి రానివ్వదు. ఆ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేశాడు. (అందులోని పాత ఫొటోల సంగతి ఫార్మాట్ అయ్యాక గుర్తొచ్చింది.) ఫైలు ఎక్కింది, టీవీకి కనపడింది కూడా. నొక్కితే మళ్లీ పాత పాటే. సున్నా దగ్గర ఎక్స్264 వాడే ప్రొఫైల్ (కుదింపు నియమాల కట్ట) పేరు హై 4:4:4 ప్రిడిక్టివ్, దాన్ని విప్పే చిప్పు మామూలు టీవీల్లో ఉండదు.

అసలు జబ్బు చిన్నది. ఎంకేవీ, ఎంపీ4 అనేవి ఉత్త పెట్టెలు. లోపలి బట్టలు హెచ్.264 పద్ధతిలో కుదించిన బొమ్మ, ఏఏసీ పద్ధతిలో కుదించిన శబ్దం. ఆ రెండూ టీవీకి ఇష్టమైనవే, పెట్టె ఒక్కటే నచ్చలేదు. బట్టలు తీసి ఇంకో పెట్టెలో సర్దితే సరిపోయేది. దాన్నే రీమక్స్ అంటారు. హ్యాండ్‌బ్రేక్‌కి ఆ సర్దుడు రాదు. శబ్దాన్నైతే ఉన్నదున్నట్టు పంపగలదు గానీ, బొమ్మ విషయంలో ప్రతి చీరనీ దారాలుగా విప్పి మళ్లీ నేస్తుంది.

సర్దే బొత్తాం ఎక్కడుందంటే, రికార్డు చేసిన ఓబీఎస్‌లోనే. ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్. ఎంకేవీని అందులో పడేసి రీమక్స్ నొక్కితే, టీ కప్పు చేతిలోకి తీసుకునేలోపు ఎంపీ4 పక్కనే తయారు. నాణ్యత పోదు, సైజూ పెరగదు. మరి మొదటే ఎంపీ4లో రికార్డు చేయొచ్చుగా అంటారా? మామూలు ఎంపీ4 తన విషయసూచికను చివర్లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే సూచిక లేని పుస్తకంలా మిగిలి తెరుచుకోదు. ఎంకేవీ అయితే పోయిన చోటు వరకైనా దక్కుతుంది.

మేనమామ ఇప్పుడు తెలివిమీరాడు. సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కింద, రికార్డింగ్ ఆగగానే దానంతటదే ఎంపీ4కి రీమక్స్ అయ్యేలా టిక్కు పెట్టాడు. ఓబీఎస్ పాత ఎంకేవీని చెరపదని మాత్రం చూసుకోలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ప్రతి రికార్డింగూ కవలలుగా పుడుతోంది. హార్డ్‌డిస్క్ ఎందుకు నిండుతోందో కనిపెట్టడానికి ఆయన ఇంకో సాఫ్ట్‌వేర్ దించుతున్నాడు.